చెవిలో హోరు, కోత మిషను

నా చెవుల్లో హోరు మొదలైన రోజు నాకు గుర్తు లేదు. ఆగిన రోజైతే తప్పకుండా గుర్తుండేది, అది ఇంకా రాలేదు.

డెబ్భైల్లో కరీంనగర్‌లో బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి, మంచిర్యాల దిక్కు ఒక బొగ్గుబాయిలో సర్దారుగా చేరాను. కెమిస్ట్రీ చదివినందుకే పేలుడు మందు చేతికిచ్చారని దోస్తుల దగ్గర చెప్పుకునేవాణ్ణి. నిజానికి సర్దారు పరీక్ష పాసైన ఎవరికైనా ఇస్తారు. బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, మందు కూరి పేల్చడం నా పని. నాలుగేళ్ళు పేల్చేసరికి రెండు చెవుల్లో సన్నని కూత ఒకటి స్థిరపడింది. ఈల వెయ్యబోయే ముందు కుక్కర్ చేసే చప్పుడులాంటిది. ఈల మాత్రం ఎప్పటికీ వెయ్యదు.

మా ఇంటావిడ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోసింది. పక్క క్వార్టరావిడ ఉల్లిగడ్డ రసం పంపింది. హోరు తగ్గలేదు గానీ, కొన్నాళ్ళు నేను ఎదురొస్తే జనానికి ఆకలయ్యేది. చివరికి కరీంనగర్ పోయి చెవి డాక్టరుకు చూపించుకున్నాను.

"దీనికి మందు లేదు. అలవాటు చేసుకోవాలె," అన్నాడాయన.

"ఎవరు సార్, నేనా, అదా?"

ఆయన నవ్వలేదు. ఏం పని చేస్తావని అడిగాడు. ఆఫీసులో గుమాస్తానన్నాను.

ఆ అబద్ధానికి కారణముంది. పేలుడు పొగ తేలిపోయాక లోపలికి మొదట పోవాల్సింది సర్దారే. చేతికర్రతో పైన బండను కొట్టి వినాలి. దాన్ని కప్పు అంటాం. గట్టి కప్పు గంటలాగా పలుకుతుంది. పొర విడిచిన కప్పు ఖాళీ డబ్బాలాగా పలుకుతుంది. సర్దారు "మంచిగుంది" అంటేనే మిగతావాళ్ళు దాని కిందికి వస్తారు. అంటే రోజుకు ఏడెనిమిది మంది నా చెవుల్ని నమ్ముకొని వచ్చేవాళ్ళు. వాటిలోనేమో గంటకూ డబ్బాకూ మధ్య కుక్కర్ కూర్చుని ఉండేది.

ఈ సంగతి మొదట పసిగట్టింది మా టింబర్‌మన్. కప్పు కిందికి రాకుండా దుంగలు నిలబెట్టేవాడన్న మాట. లక్సెట్టిపేట మనిషి. బాయిలో ఇరవై ఏళ్ళ అనుభవం. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైనా ఆయన నన్ను సార్ అనేవాడు.

"సార్, కర్ర కొట్టినంక నువ్వు కప్పు దిక్కు సూస్తలెవ్వు. నా మొఖం సూస్తున్నవ్," అన్నాడొకరోజు.

"నీ మొఖం అందంగుంటది కాకా."

"గా మాట మా ఇంటిదానికి చెప్పు. చెవులు మోగుతున్నయా?"

"మోగుతున్నయి."

"మరి బాయి పైన పని అడుగరాదు?"

"అడిగితే అన్‌ఫిట్ రాస్తరు. సర్దారుగిరి పోతది."

నాకప్పటికి ముప్పై నిండలేదు. సర్దారు అనిపించుకోవడం బాగుండేది. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే ఇక్కడ రాసేవాణ్ణి.

కాక నా ఎడమ అరచేతిని పట్టుకొని కప్పుకు ఆనించాడు. "ఇప్పుడు కొట్టు. చెవిని ఇడ్సిపెట్టు, చెయ్యితోని ఇను." గట్టి కప్పు చేతికింద కదలదు. పొర విడిచింది జ్వరమొచ్చిన ఒళ్ళులాగా వణుకుతుంది. అప్పటినుంచి నేను చేత్తో చూసేవాణ్ణి, ఆయన చెవితో వినేవాడు. చెయ్యి అందనంత ఎత్తుగా ఉన్నచోట ఆయన చెవి ఒక్కటే దిక్కు. ఆయన తలూపితే నేను "మంచిగుంది" అనేవాణ్ణి. రెండేళ్ళు ఇట్లాగే గడిపాం. ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు కప్పు చెయ్యి అందనంత ఎత్తుగా ఉంది. కాక దుంగ తేవడానికి వెనక్కి పోయాడు. నేను కర్రతో కొట్టాను, కూత తప్ప ఏమీ వినపడలేదు. మళ్ళీ కొట్టాను. బొగ్గు ఎత్తేవాళ్ళు వెనక కూర్చుని చూస్తున్నారు.

"సారు కప్పుకు పెండ్లి సంబంధం సూస్తుండా ఏంది, గింతసేపు అడుగుతుండు," అన్నాడొకడు.

అందరూ నవ్వారు. నలుగురు నవ్వుతుంటే ఆఖరి మాట ఇంకొకడిది కావడం నాకు మొదటినుంచీ గిట్టదు.

"సంబంధం ఖాయమైంది, రాండ్రి," అన్నాను.

ముందు రావాల్సింది దుంగ నిలబెట్టేవాడే కాబట్టి, అప్పుడే భుజాన దుంగతో వచ్చిన కాక ఆ మాట విని నేరుగా లోపలికి పోయాడు. తను వినాల్సిన పని నేను చేశానని నమ్మాడు. పడిన బండ పెద్దదేమీ కాదు, తలుపంత ఉంటుంది. కాక కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

ఎంక్వయిరీ ఆఫీసరు దవాఖానకే వచ్చాడు. నేను మంచం పక్కన నిలబడి ఉన్నాను.

"సర్దారు ఆగుమన్నడు. నేనే ఇనకుంట పోయిన," అన్నాడు కాక.

ఆఫీసరు నా వైపు తిరిగి, అంతేనా అని అడిగాడు. ఊ అన్నాను. ఒక్క అక్షరం, దానికి డిగ్రీ అవసరం పడలేదు. మిగతావాళ్ళూ అదే చెప్పారు. దెబ్బ తాకినవాడు చెప్పిన మాట మీద బాయిలో ఇంకొకడు మాట వెయ్యడు.

ఆరునెలల తరవాత నేనే అడిగి అన్‌ఫిట్ రాయించుకున్నాను. పైన లాంపు రూములో దీపాలు ఇచ్చి పుచ్చుకునే పని ఇచ్చారు. కాక కొలువు ఆయన కొడుక్కి వచ్చింది. కాక లక్సెట్టిపేటలో బామ్మర్ది కట్టెకోత మిషను దగ్గర కూర్చుని, రంపాలకు ఆకురాయితో పదును పెట్టేవాడు.

ఒక ఐతారం సెలవునాడు డజను అరటిపండ్లతో చూడబోయాను. అప్పుడే టేకు మొద్దుకు రంపం ఆనించారు. ఆ చప్పుడుకు చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి, నా చెవుల్లోది కూడా. మూడేళ్ళ తరవాత నా తల నాకు ఖాళీగా దొరికింది. రంపపు పొట్టు కుప్ప మీద కూర్చుని, సాయంత్రం దాకా లేవలేదు.

ఆ తరవాత ప్రతి ఐతారం పోయాను. "కాలు పోయినోన్ని మరువలే, ఎంత మంచి మనిషి," అని కాలనీలో చెప్పుకునేవాళ్ళు. నేను సరిదిద్దలేదు. కాక కోసం పోతున్నానో రంపం కోసం పోతున్నానో నాకే తెలియదు. ఎట్లాగూ రెండూ ఒక్కచోటే ఉండేవి.

ఏడేళ్ళు ఇట్లా నడిచింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రంపం ఆగింది. కూలీలు చాయకు పోయారు.

"మోగుతుందా?" అన్నాడు కాక.

"కరెంటు మనకు పోయింది కాకా, దానికి పోలే."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఉండబట్టలేక అన్నాను: "నేను రాసిస్త. ఆనాడు నేను రమ్మంటెనే నువ్వొచ్చినవని పై ఆఫీసుకు రాసిస్త."

ఆకురాయి ఆగలేదు. "రాస్తే నీ పాణం నిమ్మలమైతది. నాకేమైతది? పోరని నౌకరికి ఎవడన్న కిరికిరి పెడ్తడు. వద్దు."

రంపాన్ని రెండోవైపు తిప్పుకొని మళ్ళీ ఆయనే అన్నాడు. "రాసుడొద్దు గని, మా ఇంటిదానికి చెప్పు."

"చిన్నవ్వకు తెల్వదా?"

"ఇరవై ఏండ్లు కప్పు కింద బతికినోనివి, సర్దారు వద్దన్నంక ఎట్ల పోయినవ్, తాగినవా అంటది. ఏడేండ్ల సంది అదే మాట. ఇప్పుడు నేను జెప్తే నమ్మది."

ఇల్లు గల్లీకి అవతలే, కోత మిషనుకు ఎదురుగా. చిన్నవ్వ ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. నవ్వుతూ మొదలుపెడదామని ఒక మాట సిద్ధం చేసుకొని పోయాను. అది రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, చెవుల సంగతితో సహా. ఆమె తలెత్తకుండా రెండు బీడీలకు దారం కట్టింది.

"అయితే ఆయన తాగలే."

"తాగలే చిన్నవ్వా."

"నువ్వు రమ్మంటెనే పోయిండు."

"అవును."

చాట కింద పెట్టింది. "ఐతారం ఐతారం వస్తివి. నా చేతి చాయ తాగితివి. తాగుబోతని ఆయనను నేను తిడుతుంటె గీడనే గూసుండి ఇంటివి."

విన్నాను. ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా. ఆ సంగతి ఆమె అనలేదు, మరిచిపోయి ఉండదు.

చేతులకంటిన పొగాకు కొంగుకు తుడుచుకొని, చెప్పులు లేకుండానే గల్లీ దాటింది. నేను గడప దగ్గరే ఉండిపోయాను. ఆమె పోయి కాక పక్కన పొట్టులో కూర్చుంది. ఏదో అంటోంది. ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. వాళ్ళకూ నాకూ మధ్య ఏ చప్పుడూ లేదు, మిషను ఆగే ఉంది. అయినా ఒక్క మాటా నాదాకా రాలేదు. నాకు హోరే వినపడింది.

తరవాతి ఐతారం నేను బస్సెక్కలేదు. రావద్దని ఎవరూ కబురు పెట్టలేదు. రమ్మని కూడా.