అల్లుడుగారిని ఓడించిన ఉదయం

ఆ రోజుల్లో ఆట మన ఇంట్లోనే ఉండేది. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దానికి వేలాడే రెండు రిమోట్లు, నడినెత్తిన గుచ్చడానికి ఓ పసుపురంగు క్యాసెట్. ఆట రాకపోతే క్యాసెట్ పీకి, అడుగున ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చితే వచ్చేది. రిపేరంటే అంతే. ఇవాళ నా ఫోనులో ఉన్న ఆట నాది కాదట. అదెక్కడో కంపెనీవాళ్ల ఇంట్లో ఉంటుంది, మనం రోజూ వెళ్లి తలుపు కొట్టాలి. వాళ్లు పాస్‌వర్డ్ అడుగుతారు, మనం చదవని షరతులకి ఒప్పుకున్నట్టు వేలు నొక్కించుకుంటారు, ఓ పొద్దున్న చెప్పాపెట్టకుండా దుకాణం కట్టేస్తారు. నేను ఏళ్ల తరబడి కట్టుకున్న మహాకోట ఒకటి అలాగే గాల్లో కలిసిపోయింది. (మహాకోట అన్నాను గానీ నాలుగు బురుజులూ ఓ కోళ్లగూడూనూ. అయినా మనసు మనసే కదండీ.)

తొంభైల మధ్యలో సంగతి. ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో గుమస్తాగా కొత్తగా చేరాను. మొదటి జీతంతో అందరూ అమ్మకి చీర కొంటారు. నేను రాజమండ్రి వెళ్లి ఆ పెట్టె కొన్నాను. అందులో ఇద్దరు వస్తాదులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట ఒకటుండేది. ఆ ఆటలో రాజమండ్రి నుంచి సామర్లకోట దాకా నన్ను ఓడించిన మనిషి లేడు. (సామర్లకోటలో నేనెప్పుడూ ఆడలేదు. రాజమండ్రిలో ఆడాను, అక్కడ ఓడించినవాళ్లున్నారు. మా వీధిలో మాత్రం లేరు. మా వీధిలో అలాంటి పెట్టె మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.)

ఆ ఏడు ఎండాకాలంలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, కొత్తగా పెళ్లయిన మా చెల్లెలు మొగుడితో కలిసి కొన్నాళ్లు ఉండడానికి వచ్చింది. ఆయనది పిఠాపురం దగ్గర పల్లె, ఎరువుల కొట్టు. వయసులో నాకంటే కొంచెం పెద్ద. నేను బావగారూ అంటే ఆయనా బావగారూ అనేవాడు. వచ్చిన సాయంత్రమే పెట్టె చూసి, ఇదేంటండీ అని అడిగి, రెండో రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. వెంటనే నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు.

"అల్లుడుగారు ఆడతారట. నువ్వు ఓడిపో."

"ఒక ఆటా నాన్నా?"

"ఉన్నన్నాళ్లూ."

మావైపు కొత్త అల్లుడి సంగతి మీకు తెలియనిదేముంది. ఫ్యాను తిరిగే వైపు మంచం ఆయనది, పెరుగు మీద మీగడ ఆయనది, పేకాటకి కూర్చుంటే ముక్కలు కూడా ఆయన వైపే నడవాలి. నాన్న చెప్పింది కొత్త విషయమేం కాదు. టీవీకి కూడా ఆ మర్యాద వర్తిస్తుందని నాకు తోచలేదు, అంతే.

గెలవడం ఎవడైనా గెలుస్తాడు గానీ, ఎదటివాడికి అనుమానం రాకుండా ఓడిపోవడం ఒక విద్య. మొదట్లో బాగా కొట్టాలి. సగంలో కంగారు పడాలి. చివర్న మన వస్తాదుని గోడవారకి తీసుకెళ్లి, ఎగరబోయినట్టు ఎగిరి, సరిగ్గా ఆయన పిడికిలి మీద దిగాలి. అలవాటు కొద్దీ నా చెయ్యి ఎప్పుడైనా గెలుపు వైపు వెళ్లిందా, పేపరు వెనక నుంచి నాన్న దగ్గేవాడు. దగ్గుకి కూడా లొంగకపోతే వంటింట్లోంచి అమ్మ, ఒరే కొబ్బరికాయ కొట్టిపెట్టరా అని కేకేసేది. నేను రిమోటు వదిలి లేచి వచ్చేసరికి నా వస్తాదు నేల మీద ఉండేవాడు. ఆ వారంలో అమ్మ చేసినన్ని కొబ్బరి పచ్చళ్లు మా వంశంలో ఎవరూ తిని ఉండరు.

(ఇక్కడో మాట చెప్పాలి. ఈమధ్య ఫోనులో ఓ కొత్త ఆట మొదలుపెట్టి వరసగా గెలుస్తూ పోయాను. ఈ వయసులో కూడా చెయ్యి తిరిగినట్టుందని వీధంతా చెప్పాను. పక్కింటి ఇంజనీరు అమ్మాయి నవ్వి, మొదట్లో మీరు ఆడింది మనుషులతో కాదు అంకుల్, మిమ్మల్ని గెలిపించడానికి కంపెనీ నిలబెట్టిన బొమ్మలతో అంది. అంటే నన్ను కొత్త అల్లుణ్ణి చేశారన్నమాట. తేడా ఒక్కటే. మేము గెలిపించి మీగడ పెట్టాం, వీళ్లు గెలిపించి జేబులో చెయ్యి పెడుతున్నారు.)

బావగారికి ఇంకో సరదా కూడా ఉండేది, పద్యం. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని నాటకాల పద్యాలు పాడేవాడు. ఎత్తుకోవడం బాగానే ఎత్తుకునేవాడు గానీ, చివర రాగం తీసేచోట గొంతు ఎక్కడికో వెళ్లిపోయి, వెతుక్కుంటూ తిరిగొచ్చేది. నాన్న కళ్లు మూసుకుని తలూపేవాడు. శభాష్ అనేవాడు. చెల్లెలు మాత్రం లేచి లోపలికి పోయేది.

వారం తిరిగేసరికి బావగారు నన్ను ఓడించి ఓడించి విసుగెత్తిపోయాడు. రాజమండ్రిలో ఇలాంటి ఆటలు ఆడే కొట్టు ఉందటగా, నలుగురూ ఉన్నచోట ఆడదామన్నాడు. నేను ఎండన్నాను, బస్సులు రద్దీ అన్నాను. నాన్న అయితే వీడియో గేములు కళ్లకి మంచివి కావన్నాడు, అది కూడా వారం రోజుల తరవాత. ఆయన వినలేదు. వెళ్లాం.

కొట్టునిండా ఇంటర్మీడియట్ కుర్రాళ్లు. బావగారు చొక్కా చేతులు మడిచి, వాళ్లలో మీసాలు మొలుస్తున్న ఒకడి పక్కన కూర్చుని, మెల్లిగా ఆడతాలే భయపడకు అని ధైర్యం చెప్పాడు. తరవాతది నాకు చెప్పాలని లేదు. ఆ కుర్రాడు ఓ చేత్తో సమోసా తింటూ ఆడాడు. (ఈ సమోసా నేను కల్పించింది. కానీ తినే తీరిక మాత్రం ఉంది వాడికి.) రెండో ఆటా అంతే, మూడోదీ అంతే. చివరికి వాడు ఎంతో మర్యాదగా, మీకు ఇంతకుముందు ఎవరూ నేర్పలేదాండీ అని అడిగాడు. వెక్కిరించి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో బావగారు కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాడు. ధవళేశ్వరం వస్తుండగా, నావైపు తిరక్కుండానే అడిగాడు.

"మొదటి రోజు నుంచీనా?"

అవునండీ అన్నాను.

"మరి పద్యం?"

నేను చేతిలో టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను. అంత జనంలో, ఆ ఉక్కలో, ఆయన నా జవాబు కోసం అలా ఆగాడు. చివరికి తలూపి, "మామయ్యగారు శభాష్ అంటే నిజమే అనుకున్నానండీ. మా నాన్న ఎన్నడూ అనలేదు" అన్నాడు.



ఆ రాత్రి ఆయన ఆకలి లేదని పడుకున్నాడు. చెల్లెలు బట్టల సంచీ సర్దుతూ నన్ను పిలిచింది. పొద్దున్న బస్సుకి వెళ్లిపోదామంటున్నారు అంది. కోపం ఉంటే నాలుగు రోజుల్లో పోయేదన్నయ్యా, ఇది కోపం కాదు, ఇంక ఈ ఇంట్లో ఎవరు ఏ మంచిమాట అన్నా ఆయన నమ్మరు, ఈ గడప తొక్కరు, నన్ను ఒక్కదాన్నే పంపిస్తూ ఉంటారు అంది. రాగం కుదరడం లేదని పద్యం సంగతి ఆయనకి నేను పెళ్లయిన వారంలోనే మెల్లిగా చెప్పుకున్నాను, తగ్గించారు కూడా, మీరందరూ కలిసి మళ్లీ మొదలెట్టించారు అని కూడా అంది. తరవాత జిప్పు లాగి, "ఆయన్ని ఓడించన్నయ్యా" అంది.

తెల్లవారి ఆయన చొక్కా తొడుక్కుంటుంటే నేను వెళ్లి టీవీ పెట్టాను. ఒక్క ఆట ఆడి వెళ్లండి బావగారూ అన్నాను. ఎందుకండీ మళ్లీ అన్నాడు. ఈసారి ఆడతానండీ అన్నాను. ఆయన నా మొహం కాసేపు చూసి, చేతిసంచీ కింద పెట్టి కూర్చున్నాడు.

నాన్న దగ్గాడు. నేను కొట్టాను. నాన్న పేపరు దించి గట్టిగా దగ్గాడు. నేను మళ్లీ కొట్టాను. అమ్మ కొబ్బరికాయ అంది, చెల్లెలు నేను కొడతాలే అని తీసుకుంది. బావగారి వస్తాదు ఒక్కసారైనా నా వస్తాదుని తాకకుండానే పడిపోయాడు. అల్లుడుగారిని ఇంట్లో కూర్చోబెట్టి కొడతావట్రా అని నాన్న లేచి నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. రెండో ఆట ఇంకా కనికరం లేకుండా ఆడాను. అంత బాగా నా జన్మలో ఆడలేదు. (ఇందులో అతిశయోక్తి లేదు. వెతికాను, దొరకలేదు.)

 ఆట అయ్యాక బావగారు రిమోటుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తరవాత నా పక్కకి జరిగి, "ఆ కింద నుంచి లేచి తన్నారే, అప్పుడు ఎడం చేత్తో ఏం నొక్కారు?" అన్నాడు.

చూపించాను. పొద్దున్న బస్సు వెళ్లిపోయింది, మధ్యాహ్నం బస్సు కూడా వెళ్లిపోయింది. నాన్న మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు రాత్రి అరుగు మీద ఆయనే మొహమాటంగా, పద్యం ఏమైనా అంటారా అల్లుడుగారూ అని అడిగాడు. వద్దులెండి మామయ్యగారూ, మీకూ నిద్ర అవసరం అన్నాడు బావగారు. అందరికంటే ముందు నవ్వింది నాన్నే.

ఆ తరవాత ఎన్నో ఏళ్లు, కలిసినప్పుడల్లా ఆడాం. ఆయన నాకంటే బాగా ఆడే రోజులు కూడా వచ్చాయి, ఆ వివరాల్లోకి ఇప్పుడు పోనక్కర్లేదు. మొన్న ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు, పాత ఆటలన్నీ ఉన్న చిన్న పెట్టె ఒకటి బజారులో దొరికితే తెచ్చాను. నాకు కుడికన్ను శుక్లం ముదిరి ఆపరేషనుకి చెప్పారు. తెర మీద ఇద్దరు వస్తాదుల్లో నావాడెవడో కూడా సరిగ్గా తెలియడం లేదు. అయినా నేనే గెలిచాను. మళ్లీ గెలిచాను. ఒకసారి పక్కకి తిరిగి చూస్తే, మసకలోనే అనుకోండి, బావగారి బొటనవేలు రిమోటు మీద కదలకుండా ఉంది. ఆయన తెర వైపు చాలా శ్రద్ధగా చూస్తూ, అబ్బా తప్పిపోయిందండీ అంటున్నాడు.

అడుగుదామనుకున్నాను. వెనకటికి బస్సులో ఆయన అడిగాడు కదా, అంత గుండె ఉండాలి. నాకు లేదు. కాఫీ తాగి, అలా వీధిలోకి వెళ్లి, మా బావగారి ఆట ఈమధ్య బాగా తగ్గిపోయిందండీ పాపం అని పక్కింటాయనతో చెప్పి వచ్చాను.