యలమంద మార్కా వేసిన పెట్టలు

గుంటూరు మిర్చి యార్డులో యలమందని ఎరగని హమాలీ లేడు. అతను వ్యాపారి కాదు, దళారీ కాదు, చదువు ఐదో తరగతి దాటలేదు. చేతిలో ఉండేది ఓ డబ్బా ఎర్రరంగు, ఓ కుంచె. టిక్కీల మీద, అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాల మీద, ఏ షాపు సరుకైతే ఆ షాపు అక్షరాలు రాయటం అతని పని. ఇరవై ఆరేళ్లు అదే చేశాడు. రాత గుండ్రంగా ఉండేది, కాదనలేం. గర్వం మాత్రం రాతకి నాలుగింతలు. ఇంట్లో బిందె మీద, బకెట్టు మీద, ఆఖరికి పేడతట్ట మీద కూడా ‘య’ అని రాసి పెట్టుకున్నాడు. “మార్కా లేని సరుకు ఎవడిదైనా అవుద్దిరా” అని ఎదుటివాడు అడక్కపోయినా చెప్పేవాడు.

రెండువేల మూడో సంవత్సరం జనవరిలో, పేర్చిన టిక్కీల వరస ఒకటి జారి అతని కుడికాలి మీద పడింది. తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. మూడు నెలలు ఆ కాలు నేలకి ఆనించొద్దన్నారు. నల్లపాడులో అతనిది రెండు గదుల రేకుల ఇల్లు, వెనకాల చుట్టూ గోడ ఉన్న చిన్న దొడ్డి. భార్య హనుమాయమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పొద్దున ఏడింటికి వెళితే దీపాలవేళకి వస్తుంది. వెళ్లేముందు అతన్ని దొడ్లో మునగచెట్టు కింద నులకమంచం మీదికి చేర్చి, మంచినీళ్లూ, అన్నం గిన్నే అందేలా పెట్టిపోతుంది. ఇక సాయంత్రం దాకా ఆ మంచం, ఆ గోడలు, నెత్తిన ఆ మునగచెట్టు.

కోపం వస్తే విసురుగా బయటికి వెళ్లిపోవటం యలమందకి అలవాటు. వెళ్లటానికి కాలు లేకపోతే ఆ కోపం ఎటుపోతుంది? మంచం మీదే ఉండి ఉడికేది. కాకుల్ని తిట్టేవాడు, ఎండని తిట్టేవాడు, గోడవతల రేడియో పెట్టుకున్నవాళ్లని తిట్టేవాడు. యార్డులో అతని పనికి వారం తిరక్కుండానే ఇంకొకడు కుదిరాడు. ఆ కబురు తెలిసిన రోజున యలమంద ఎవరినీ తిట్టలేదు. అన్నం కూడా తినలేదు. తను లేకపోయినా లారీలు వెళుతున్నాయన్న సంగతి కాలినొప్పి కన్నా ఎక్కువ బాధపెట్టింది.

అలాంటి రోజుల్లో ఆ ఇంటికి మూడు కొత్త కోళ్లు వచ్చాయి. అంతకుముందు వానాకాలంలో తెగులొచ్చి హనుమాయమ్మ కోళ్లలో చాలామటుకు చచ్చిపోయాయి. మిగిలినవి నాలుగు పెట్టలు, ఒక పుంజు. వాటికి పెద్ద, మెడ మీద ఈకల్లేని ఓ ముసలి పెట్ట. గింజలు చల్లితే ముందు అది తినాలి, తర్వాతే మిగతావి. చెల్లెలి కోళ్లు పోయాయని విని బాధపడ్డ హనుమాయమ్మ అక్క పుల్లమ్మ, తన ఇంట పొదిగించి పెంచిన మూడు తెల్లటి కుర్ర పెట్టల్ని బుట్టలో పెట్టుకుని వినుకొండ దగ్గర్నుంచి బస్సులో తెచ్చి ఇచ్చి వెళ్లింది. అవింకా గుడ్డు మొదలుపెట్టలేదు. హనుమాయమ్మ వాటి రెక్కలు నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఆ ఇంట్లో ‘య’ అని రాయనివీ, తనవని ఆమె అనుకునేవీ కోళ్లే మరి.

మర్నాడు పొద్దున ఆ మూడింటినీ వెదురు గంప కింద మూసి, గంపని మొగుడి మంచం పక్కనే పెట్టింది.

“ఇదొక్కటి చూడయ్యా. పది రోజులు గంప కిందే ఉండాలి. పాతవి చుట్టూ తిరుగుతా వీటిని చూడాలి, అంతే, అందుకోకూడదు. పదకొండో రోజు పొద్దుగూకాక నేనే గూట్లో పెడతా. చీకట్లో కోడికి చూపానదు. తెల్లారి అన్నీ కలిసి లేస్తే ఇంక పోట్లాడుకోవు” అంది.

“నాకు చెప్తున్నావా? లారీలకి లారీలు చూసినోణ్ణి” అన్నాడు యలమంద.

పైకి అలా అన్నాడు గానీ లోలోపల పొంగిపోయాడు. నెల తర్వాత అతనికి ఎవరో ఒక పని చెప్పారు. ఈ మూడు కోళ్లూ క్షేమంగా కలిసిపోతే, మంచాన పడ్డా యలమంద యలమందే అనిపించుకోవచ్చు. పొడుగాటి వెదురుకర్ర ఒకటి పక్కన పెట్టుకుని ఆరు రోజులు కాపలా కాశాడు. పిల్లి గోడెక్కితే అదిలించాడు. ఎండ జరిగితే గంపని కర్రతో నీడలోకి నెట్టాడు. ముసలి పెట్ట గంప సందుల్లోంచి పొడవబోతే దాని వీపున ఒకటి తగిలించాడు. రోజూ సాయంత్రం హనుమాయమ్మ రాగానే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె ఒళ్లంతా మిరపఘాటుతో, కళ్లు మండుతూ, ఊఁ కొడుతూ కాళ్లు కడుక్కునేది.

ఏడో రోజున బుద్ధి గడ్డి తిన్నది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అతని చూపు మంచం కోడుకి తగిలించిన సంచి మీద పడింది. అందులో యార్డు నుంచి తెచ్చిన రంగుడబ్బా, కుంచె ఉన్నాయి. పక్కింటి నసీమున్నీసాకీ తెల్లకోళ్లున్నాయి. రేపు ఇవి గోడ దూకితే ఎవరివని చెప్పాలి? అసలు సంగతి అది కాదు. నెల రోజులుగా చెయ్యి దురద పెడుతోంది. గంపని దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క పెట్టనీ బయటికి తీసి ఒళ్లో అదిమిపట్టి, వీపు మీద గుండ్రంగా, అందంగా ‘య’ రాశాడు. తెల్లటి ఈకల మీద ఎర్రటి అక్షరం ఎంత బాగా కుదిరిందో! ఒక పెట్ట గింజుకుంటే మెడ దాకా రంగు చిమ్మింది. అయినా సరే, యార్డులో ఉన్నప్పటిలా నిటారుగా కూర్చుని చూసుకున్నాడు.

వాటిని మళ్లీ గంప కిందికి తోయబోతే మూడూ బిక్కుబిక్కుమంటూ అతని వంక చూశాయి. ఏడు రోజులు మూసిపెడితే ప్రాణానికి ఎట్లా ఉంటుందో ఆ దొడ్లో తనకు తప్ప ఎవరికి తెలుసు? “పొండే, కాసేపు తిరిగి రండి. నేను చూస్తా ఉంటాగా” అని వదిలేశాడు.

ఎరుపు కనబడితే కోడి ఊరుకోదు. తోటి కోడికి నెత్తురు కారితే అక్కడే పొడిచి పొడిచి చంపుతుంది. కోళ్లు పెంచే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. యలమందకి తెలియదు. ఇరవై ఆరేళ్లూ గూడు తలుపు తియ్యకముందే యార్డుకి వెళ్లిపోయినవాడికి ఎలా తెలుస్తుంది?

ముసలి పెట్ట బూడిదగుంటలోంచి మెడ ఎత్తి చూసింది. అంతే, నాలుగూ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. కొత్తవాటిలో ఒకటి గోడ దూకింది. ఒకటి మంచం కింద దూరింది. మెడ మీద రంగు పడిన పెట్ట మాత్రం బట్టలుతికే బండకీ గోడకీ మధ్య మూలలో ఇరుక్కుపోయింది. యలమంద అరిచాడు. కర్ర విసిరాడు. అది బండకి తగిలి దూరంగా పడింది. నీళ్లచెంబు విసిరాడు, గిన్నె విసిరాడు, చెప్పు విసిరాడు. విసరటానికి ఇంకేమీ మిగల్లేదు. “నసీమా! నసీమా!” అని గొంతు చించుకున్నాడు. ఆమె వీధి చివర పంపు దగ్గరుంది. పదడుగుల దూరంలో, కళ్లెదుట, ఆ కుర్ర పెట్ట ముందు కేకలు పెట్టింది, తర్వాత అదీ మానేసింది. రంగేదో నెత్తురేదో తెలియకుండా పోయింది.

యలమంద మంచం మీంచి దొర్లి కింద పడ్డాడు. మోచేతుల మీద, పిండికట్టుని ఈడ్చుకుంటూ పాకాడు. అతను చేరేసరికి నాలుగు పెట్టలూ పక్కకి తప్పుకుని, ఏమీ ఎరగనట్టు మట్టి కెలుక్కుంటున్నాయి. తెల్లపెట్ట తల వాల్చేసింది. దాన్ని గుండెకి ఆనించుకుని, లేవలేక, వెనక్కి పాకే ఓపిక లేక, బండ పక్కనే ఎండలో పడి ఉన్నాడు. ఏడ్చాడు కూడా. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి బాగానే ఏడ్చాడు.

నీళ్లబిందెతో ఇంటికొచ్చిన నసీమున్నీసాకి తన దొడ్లో ఎర్రరంగు కోడి కనిపించింది. దెబ్బ తగిలిందనుకుని గోడమీంచి తొంగి చూసి, “అయ్యో అన్నా!” అని మొగుణ్ణి కేకేసింది. ఆమె భర్త మాబు పరుపులు కుట్టేవాడు. కుడుతున్న పరుపు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి యలమందని ఎత్తి మంచం మీద వేశారు.

సాయంత్రం హనుమాయమ్మ వచ్చి, గడపలోనే నిలబడి అంతా చూసింది.

“రంగెందుకు పూశావయ్యా?”

“మనవని తెలవాలని.”

“నాకు తెలవదా, నా కోళ్లు?”

చచ్చిపోయినదాన్ని మునగచెట్టు వెనక పూడ్చింది. మిగతా రెండింటి రంగు సబ్బు పెట్టి రుద్దినా పోలేదు. యార్డు రంగు అంత తేలిగ్గా పోయేది కాదు. కుండ అడుగు మసి తీసి, నూనెలో కలిపి, ఆ ‘య’ కనపడకుండా నల్లగా పులిమింది. తిడుతుందని యలమంద కాచుకుని కూర్చున్నాడు. తిడితే తనూ నాలుగు అనేవాడు, ఎప్పటిలాగే చెల్లుకి చెల్లు అయిపోయేది. ఆమె అన్నం పెట్టింది, పక్క వేసింది, దీపం ఆర్పింది.

తెల్లారి ఎప్పటిలాగే అతన్ని మంచం మీదికి చేర్చింది. నీళ్లు పెట్టింది. తర్వాత రెండు తెల్లపెట్టల్నీ చంకన పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది.

“నసీమా, వీటిని మీ దొడ్లో ఉంచుకో. మళ్లీ మొదట్నించీ పది రోజులు. మా పాతవాటినీ పగలు ఇటే తోలతా.”

“అట్లాగే వదినా. మరి అన్నయ్య చూస్తానంటే?”

హనుమాయమ్మ గొంతులో కోపం లేదు. పసిపిల్లాణ్ణి పక్కింట్లో వదిలి పనికి వెళ్లే తల్లిలా మాట్లాడింది. “ఆయన్ని కూడా కాస్త నువ్వే కనిపెట్టుకుని ఉండమ్మా, నేనొచ్చేదాకా” అంది.

యలమంద అవతలి గోడవైపు మొహం తిప్పుకుని, ఆ మాట వినపడనట్టు కళ్లు మూసుకున్నాడు. అప్పటికింకా పొద్దున ఏడు కూడా కాలేదు.