స్టీరింగ్ వదులు ఎక్కడుంది

సూరత్‌లోని పర్వత్ పాటియాలో మాది చిన్న మెస్. మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసే మనవాళ్లు, చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు మా దగ్గర తింటారు. వంట నాది. సరుకు తేవడం, డబ్బాలు చేర్చడం నా భార్య పని. దానికోసమే ఒక పాత కారు కొన్నాం. వెనక సీటు మడిచి గిన్నెలు పెట్టుకుంటాం. నాకూ నడపడం వచ్చు గానీ, సూరత్ ట్రాఫిక్‌లో ఆమె నడిపితేనే నాకు నిమ్మళం.

మెస్ పెట్టకముందు ఆమె ఇంట్లో చీరలకు అంచులు కుట్టేది. దారం మాటిమాటికీ తెగితే పక్కిళ్లలో కుట్టేవాళ్లు తమ మిషన్‌ను తిట్టి సూది మార్చేవాళ్లు. ఈమె తిట్టేది కాదు. రీలు దగ్గర మొదలుపెట్టి దారం ఎటెటు పోతుందో వేలితో వెంబడిస్తూ సూది దాకా వచ్చేది. ఎక్కడ పట్టుకుంటుందో దొరికాకే స్క్రూడ్రైవర్ అందుకునేది.

మొన్న వానాకాలం పోయాక కారు స్టీరింగ్ వదులైంది. ముందు నాకు తెలియలేదు. పక్కన కూర్చుంటే తెలిసేది కాదు. ఆమె చెప్పింది.

"నేను తిప్పినంక జరసేపటికి తిరుగుతున్నది. నడిమిట్ల ఏదో ఖాళీ ఉన్నది."

"పాత బండి కదా, గంతే ఉంటది," అన్నాను.

"పాతదే. మొన్నటిదాక గిట్ల లేదు గదా."

టైర్లలో గాలి చూపించింది, సరిగ్గానే ఉంది. టైర్ల దుకాణంలో అలైన్‌మెంట్ చేయించింది. కారు కొంచెం ఒక పక్కకు లాగేది కూడా, అది తగ్గింది గానీ చేతిలో వదులు అట్లాగే ఉంది. అప్పుడు సలాబత్‌పురా దగ్గర మాకు తెలిసిన గ్యారేజీకి తీసుకుపోయాం. దాన్ని నడిపే పెద్దాయనను అందరం కాకా అంటాం. నిదానస్తుడు. నా భార్యను గుజరాతీలో బెన్ అంటాడు, అక్కా అన్నట్టు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. ఎడమ చక్రం దగ్గర, దాన్ని తిప్పే టై రాడ్ చివర అరిగిందని చూపించి మార్చాడు. ఆమె ఆ సందులో ఒక చుట్టు తిప్పుకుని వచ్చింది.

"తగ్గింది కాకా. పోలేదు," అంది హిందీలో.

కాకా స్వయంగా నడిపి చూశాడు. అవునన్నాడు. "ఇక మిగిలింది స్టీరింగ్ బాక్సే బెన్. సామాను తెప్పించాలి. రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా మెల్లగా నడుపుకోండి, ఏం కాదు."

ఆ మర్నాడే మాకు ఊరికి దూరంగా కంపెనీలుండే హజీరాలో పని. అక్కడి టౌన్‌షిప్‌లో ఒక తెలుగు ఇంట్లో అన్నప్రాశన. మధ్యాహ్నం భోజనాలు మావే. అంత దూరపు ఆర్డర్ మాకు అదే మొదటిసారి. కాకా ఏం కాదన్నాడు కాబట్టి నెమ్మదిగా పోదామన్నాను.

"ఆ తొవ్వంత లారీలు, కంపెనీ బస్సులు. ఏది వదులైందో తెల్వకుండ నేను తోలను," అంది. నా జవాబు కోసం చూడకుండా ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసింది. "అమ్మా, మా బండికి జర కష్టమొచ్చింది. టెంపో మాట్లాడుకొనన్న వంట టైముకు తెస్తం. మీరు పరేషాన్ కాకుండ్రి."

ఫోన్ పెట్టేసి కాకా వైపు తిరిగింది. "బాక్సే పోయిందని ఎట్లా తెలుస్తుంది? నా చేతి నుంచి చక్రం దాకా మధ్యలో చాలా అతుకులు ఉన్నాయి కదా. ఒక్కొక్కటి పట్టుకుని చూద్దామా?"

వేరే మెకానిక్ అయితే నవ్వేవాడు, లేదంటే కోపం తెచ్చుకునేవాడు. కాకా తన చేతులు తుడుచుకుని, "చూద్దాం," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు గౌరవం ఎంత పెరిగిందో చెప్పలేను.

ఈసారి కారును జాకీ మీద లేపలేదు. చక్రాల మీద బరువు ఉంటేనే వదులు బయటపడుతుందని కాకా అన్నాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్‌ను కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పుతూ ఉండమన్నారు. కాకా కింద పడుకుని చక్రాల దగ్గరి అతుకుల మీద చేయి పెట్టాడు. ఆమె బానెట్ ఎత్తి పైనుంచి టార్చ్ వేసి పట్టుకుంది.

"ఇక్కడ బాగుంది," కింది నుంచి కాకా గొంతు. కాసేపటికి, "ఇటు కూడా బాగుంది." బాక్సు దగ్గరికి వచ్చాక ఆగిపోయాడు. "విచిత్రంగా ఉంది బెన్. స్టీరింగ్ తిరుగుతోంది, బాక్సులోకి పోయే కడ్డీ మాత్రం కదలడం లేదు."

"అంటే బాక్సుకన్నా ముందే పోయింది," అంది ఆమె. టార్చ్ పట్టుకుని నా వైపు వచ్చి, తలుపు తీసి, నా కాళ్లను పక్కకు జరిపి, పెడళ్ల దగ్గరికి తల దూర్చింది. స్టీరింగ్ కడ్డీ కిందికి దిగి ఒక జాయింట్‌తో బాక్సు కడ్డీకి కలిసే చోటు అది. దాని మీద చేయి వేసి పట్టుకుంది.

"తిప్పు. ఆగు. మల్ల తిప్పు."

తిప్పాను. టక్ మని ఒక చిన్న చప్పుడు నాక్కూడా వినిపించింది.

"పై సగం తిరుగుతున్నది, కింది సగం ఊకుంటున్నది. కాకా, ఇటు రండి!"

కాకా వచ్చి చూశాడు. జాయింట్‌ను కడ్డీకి బిగించి ఉంచే బోల్టు వదులైపోయి, నట్టు దాదాపు కొసకు వచ్చి ఉంది. ఆయన వేలితో తిప్పితేనే ఊడి చేతిలోకి వచ్చింది. అది దారిలో ఊడి ఉంటే స్టీరింగ్ ఉత్తగా తిరిగేది, కారు తనకు తోచిన వైపు పోయేది. నా చేతులు స్టీరింగ్ మీది నుంచి వాటంతట అవే లేచిపోయాయి.

"మెల్లగా నడపమని చెప్పాను," అన్నాడు కాకా. ఆ మాట తనకే చెప్పుకున్నట్టు అన్నాడు. తర్వాత ఆమె వైపు చూసి, "మీరు వినకపోవడమే మంచిదైంది," అన్నాడు.

బోల్టు బిగిస్తే సరిపోదా అని అడిగాను. కాకా జాయింట్ విప్పి లోపలి పళ్లు చూపించాడు. వదులుగా ఆడీ ఆడీ అవి అరిగిపోయాయి. బిగించినా మళ్లీ వదులవుతుందన్నాడు. బాక్సు కడ్డీ మీది పళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. బాక్సు జోలికి పోకుండా, తెలిసిన దుకాణాలన్నిటికీ ఫోన్లు చేసి, సాయంత్రానికి కొత్త జాయింట్, కొత్త బోల్టు తెప్పించి వేశాడు. ఆమె ఖాళీ బండిని చాలాసేపు తిప్పింది. తిరిగి వచ్చి, "ఒక్కసారి మళ్లీ బిగింపు చూడండి కాకా," అంది. ఆయన విసుక్కోకుండా మళ్లీ పెడళ్ల కిందికి దూరాడు. పొద్దున బయల్దేరే ముందు ఇంకోసారి తెమ్మని ఆయనే అన్నాడు.

మర్నాడు పప్పు, పచ్చి పులుసు, వంకాయ కూర, పాయసం, పెరుగు అన్నీ వెనక సర్ది, కాకాకు ఇంకోసారి చూపించి హజీరా తొవ్వ పట్టాం. రెండు పక్కలా లారీలు. ఒక చోట ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్ చెప్పాపెట్టకుండా మా వైపుకు జరిగింది. ఆమె మణికట్టు కొద్దిగా కదిలించింది. అంతే, కారు ఆ క్షణమే పక్కకు తప్పుకుంది. నేను తలుపు పిడి పట్టుకున్నాను. ఆమె మాత్రం అద్దంలో వెనక్కి చూసి, "పెరుగు డబ్బా మూత ఊడిందేమో జర చూడు," అంది.