మేడమ్ తలుపుకు పూలచక్రం

పూల డెకరేషన్ నేర్చుకుంటా అనేటోళ్ళు ముందు అడిగేది ఏమేం కొనాలె అని. నేను గూడ అదే అడిగిన. తార్నాకల మెట్రో స్టేషన్ దగ్గర బొకేల దుకాణం నడిపే అన్న నన్ను ఓసారి ఎగాదిగా చూసి, ముందైతే ఇంట్ల కత్తెర ఇంట్లనే పెట్టు అన్నడు. బట్టలు కోసే కత్తెరతోని కాడ కోస్తే అది నలుగుతదట. నలిగిన కాడ నీళ్ళు తాగదు, పొద్దుగూకేసరికి పువ్వు తల వాలుస్తది. కాడను ఏటవాలుగ కోసే కట్టర్ ఒకటి, లోతు బకెట్ ఒకటి, ఆకుపచ్చ టేపు, సన్న తీగ, నీళ్ళు పీల్చే పచ్చ స్పాంజి. గంతే. గులాబీ ముళ్ళు గీకే క్లిప్పు గూడ కొంట అంటే నవ్విండు. మందం గుడ్డ ముక్క చాలు, ఫోన్ల చూసిందల్లా కొనకు అన్నడు.

కట్టర్ నా దగ్గర ముందే ఉన్నది. నేను యూనివర్సిటీల బాటనీ పీహెచ్‌డీ చేస్తున్న. మొక్కల శాంపిళ్ళు కోసుకొచ్చెటందుకు మా గైడు మేడమ్ మొదటి ఏడే తన కట్టర్ నా చేతుల పెట్టింది. పూలు నేర్చుకొమ్మన్నది గూడ ఆమెనే. పీహెచ్‌డీ ఐదో ఏట నేను హాస్టల్ రూమ్‌ల పండుకోని ఫ్యాను చూసుడు తప్ప ఇంకేం చేస్తలేనని ఆమెకు ఎట్ల తెలిసిందో తెలిసింది. చేతులతోని చేసే పని ఏదన్న పట్టుకో, తలకాయ తేలికైతది అని చెప్పింది. ఆమె చెప్పిందంటే నాకు ఇంక తిరుగు లేదు.

అన్న దుకాణంలనే నేర్చుకునుడు మొదలుపెట్టిన గని, స్పాంజి దగ్గర మాత్రం నాకు రోజూ తిట్లే. దాన్ని బకెట్ల ఏసి రెండు చేతులతోని కిందికి ఒత్తేదాన్ని. అన్న గరం అయ్యేటోడు. ఒత్తితే పైన తడుస్తది, లోపల గాలి ఇరుక్కోని ఎండగనే ఉంటది, చూస్తే తెల్వది, తెల్లారి పూలన్ని సచ్చిపోతయి. నీళ్ళ మీద వదిలెయ్, అదే మెల్లగ మునుగుతది, నీకేం తొందర అనేటోడు. నాకు అన్నిట్ల తొందరే. గా రోగం చిన్నప్పటి సంది ఉన్నది.

నేను పూల పనిల పడ్డ రెండు నెలలకు మేడమ్‌కు కేన్సర్ అని బయటపడ్డది. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కిస్తున్నరు. నా థీసిస్ మొత్తం ఆమె దగ్గరనే ఉన్నది. ఆమె చదివి సంతకం పెడితేనే నేను సబ్మిట్ చేసేది. గడువు నెలన్నర. ఆమెకు ఏమన్న అయితే ఇంకో గైడును వెతుక్కోవాలె, మా డిపార్ట్‌మెంట్‌ల ఆ సబ్జెక్ట్ తెలిసినోళ్ళు ఇంకొకరు లేరు. నేను రోజూ మోకాళ్ళ మీద కూసొని, ప్రభువా మేడమ్‌ను బాగుచెయ్యి అని ప్రార్థన చేసేదాన్ని. అందుల ఎంత ఆమె కోసం, ఎంత నా సంతకం కోసం అని నన్ను నేను అడుగుకోలే. అడిగితే ఏమొస్తదో నాకు తెలుసు.

మేడమ్ దవాఖాన నుంచి ఇంటికి వచ్చిందని తెలిసినంక, ఆమె తలుపుకు ఏదన్న అందంగ చేసి కట్టాలనిపించింది. మా ఊరి చర్చిల క్రిస్మస్‌కు తలుపుకు ఆకుల చక్రం కడ్తరు. అది సంతోషం గుర్తు మాకు. మా ఊర్ల ఎవరన్న పోతే బంతిపూల దండలు ఏస్తరు గని చక్రం ఎవ్వరు పెట్టరు. ఫోన్ల చూసినా అన్నీ తలుపులకు కట్టిన చక్రాలే. దుకాణం అన్నకు చెప్పలే. నా సొంతంగ చేసిన అనిపించుకోవాలె కద. తెల్లారగట్ల లేచి హాస్టల్ వరండాల కూసున్న. తీగ గుండ్రంగ వంచి, స్పాంజి ముక్కల్ని ఈసారి ఒత్తకుంట నానబెట్టి, టేపు చుట్టి, మేడమ్‌కు ఇష్టమని అన్నీ తెల్ల చామంతులే గుచ్చిన. అంత మంచిగ కుదిరిన పని నేను మళ్ళ ఎన్నడు చెయ్యలే. సంతకం పెట్టాల్సిన కాయితాలు గూడ బ్యాగుల పెట్టుకున్న. ఉండనీ అనుకున్న.

తార్నాకల వాళ్ళ ఫ్లాట్ మూడో అంతస్తుల. తోరణం కట్టే మేకుకు చక్రం తగిలిచ్చి బెల్లు కొట్టిన. మేడమ్ వాళ్ళ అక్క కాకినాడ నుంచి వచ్చి చూసుకుంటున్నది. ఆమె తలుపు తీసి, చక్రాన్ని చూసి, నన్ను చూసింది. మొఖం తెల్లగ పాలిపోయింది.

"శవం మీద పెట్టేదాన్ని గుమ్మానికి కడతావా? మా చెల్లి ఇంకా బతికే ఉంది."

అప్పుడు వెలిగింది నాకు. టీవీల పెద్దోళ్ళ శవాల చుట్టు ఒకరెనుక ఒకరు వంగి పెట్టేది ఇదే. తెల్ల చామంతుల గుండ్రం. ఎన్నిసార్లు చూసిన్నో, ఒక్కసారి యాదికి రాలే. చక్రం తీసుకోని మెట్లు దిగి పారిపోదామంటే లోపలి నుంచి మేడమ్ పిలిచింది. పూలతోనే రమ్మన్నది.

కిటికీ పక్కన కుర్చీల ఉన్నది, తలకు గుడ్డ కట్టుకోని. చక్రాన్ని ఒళ్ళ పెట్టుకోని ఎనుకకు తిప్పి చూసింది, ల్యాబ్‌ల శాంపిల్ చూసినట్టే. తీగ ముడులు గుంజి చూసి, కట్టు బాగా వేశావు అన్నది. నేను ఏడుస్తున్న.

"తప్పేం లేదమ్మా. కాస్త ముందు తెచ్చావు, అంతే."

వాళ్ళక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకోని వంటింట్లకు పోయింది. మేడమ్ నా బ్యాగు దిక్కు చూసి, కాయితాలు తెచ్చావు కదా అని అడిగింది. అబద్ధం ఆడలేకపోయిన. ఇచ్చిన. అన్నీ చూసింది గని పెన్ను అందుకోలే. ఆఖరు చాప్టర్ ఇంకా చదవలేదని, చదవకుండా ఎవరికీ సంతకం పెట్టలేదని, నాకూ పెట్టనని చెప్పింది. నాకు సిగ్గు పోయి కోపం వచ్చింది. గడువు దగ్గరికి వచ్చింది మేడమ్ అన్న. ఒకవేళ, అని ఆగిన.

"అనమ్మా. ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనట్లేదు."

"ఒకవేళ మీరు లేకపోతే నా సంగతేంది మేడమ్?"

ఆమె పక్క టేబుల్ మీది చాప్టర్ అందియ్యమన్నది, పెన్సిల్ గూడ. అప్పుడే మొదలుపెట్టింది. నేను కింద కూసున్న. పేజీకి రెండు మూడు గుర్తులు పెడుతున్నది, మధ్యల నీళ్ళు తాగుతున్నది, చెయ్యి నొస్తే ఆగి మళ్ళ పట్టుకుంటున్నది. మధ్యాహ్నం దాటింది. ఒక పేజీ నడుమ పెన్సిల్ జారిపోయింది. చూస్తే నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకోని. మందులు ఎక్కిచ్చినంక రాత్రులు అస్సలు నిద్ర పడ్తలేదని నీళ్ళు తెచ్చినప్పుడే వాళ్ళక్క నాకు మెల్లగ చెప్పింది. నేను మిగిలిన పేజీలు లెక్కపెట్టిన. పదకొండు. ఆమె భుజం మీద చెయ్యేసి లేపిన.

ఆమె ఉలిక్కిపడి కండ్లు తెరిచింది. నన్ను చూసి, సారీ అమ్మా అని, పెన్సిల్ కోసం తడుముకున్నది.