గాలి లెక్క రాసిన మా సార్

మా సార్ పోయారని నాకు తెలిసింది వాట్సాప్‌లో. మంగళవారం పొద్దున కార్గో ఆఫీసులో డ్యూటీకి కూర్చుని టీ తాగుతుంటే ఫోను మోగింది. "క్రీడారంగానికి తీరని లోటు. నిజాయితీకి మారుపేరైన గురువుగారు ఇక లేరు" అని, దాని కింద వరసగా దండాల బొమ్మలు. పంపినవాడు మా వైపు పరుగుపందేల మీట్లు నడిపే సంఘానికి కార్యదర్శి. సార్ పోయారన్న బాధ కంటే ముందు నాకు కలిగింది రోత. ఆ మాట దాచిపెడితే ఇక ఇది రాయడం దండగ. సార్‌ని మైదానంలోంచి గెంటించింది ఈ కార్యదర్శే. అందుకు అతను తయారుచేసిన కాగితం మీద మొదటి సంతకం నాది.

సార్ మామిడిపల్లి రైతుబిడ్డ. ఒక సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. మీట్లు జరిగినప్పుడు ఆయన పని గాలి కొలవడం. వంద మీటర్ల పరుగులో తుపాకీ పేలిన దగ్గర్నుంచి పది సెకన్లపాటు గాలి ఎంత వేగంతో వీచిందో ఒక చిన్న మిషన్ చెబుతుంది. వెనక నుంచి తోసే గాలి సెకనుకు రెండు మీటర్లు దాటితే గెలుపు గెలుపే, మెడల్ మెడలే, కానీ ఆ టైము రికార్డు కాదు. సగం గాలి పరిగెత్తిందని లెక్క. పతకాలు మెడలో వేసేవాళ్లకు ఫొటోలుంటాయి. గాలి కొలిచేవాడికి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, అది కూడా అన్నిసార్లూ కాదు.

ఆయన ఆ కుర్చీని పరుగు వైపు వీపు పెట్టి వేసుకునేవారు. తువ్వాలలో చుట్టి తెచ్చిన మిషన్‌ని ఛాతీ ఎత్తు స్టాండుకు బిగించి, చుట్టూ నాలుగడుగుల్లో ఎవరినీ నిలబడనిచ్చేవారు కాదు. "జర పక్కకు జరుగు నాయనా, నీ పొట్టకు కొట్టుకుని గాలి ఎనక్కి పోతున్నది" అని ఒకసారి ఒక ముఖ్య అతిథినే జరిపారు. తుపాకీ వినడం, పది సెకన్లు అంకె చూడటం, రాయడం. జనం ఎంత అరిచినా తల తిప్పేవారు కాదు.

"ఇన్నేళ్లలో ఒక్క పరుగు కూడా సరిగ్గా చూడలేదు కదా సార్, బాధ లేదా?" అని అడిగాను ఒకరోజు.

"చూస్తే చెయ్యి మాట ఇనది బిడ్డా. ఎవరు గెలిచిన్రో తెల్వకముందే అంకె కాగితం మీద పడాలె. తెలిసినంక రాస్తే అది గాలి లెక్క గాదు, మన లెక్క" అన్నారు.

మేము కోస్తా వాళ్లం. నాన్న శంషాబాద్‌లో హార్డ్‌వేర్ దుకాణం పెట్టిన ఏడాదే నన్ను సార్ దగ్గర చేర్చారు. పొద్దున్నే బడి మైదానానికి రాగానే సార్ మొదట చేసే పని ఆకాశం చూడటం. విమానాలు ఎటు లేస్తున్నాయో చూసి ఆ రోజు గాలి ఎటునుంచో చెప్పేసేవారు. "ఇమానం ఎదురుగాలికే లేస్తది. మనమే, ఎనక నుంచి ఎవడన్న తోస్తే బాగుండునని చూస్తం" అని నవ్వేవారు. నా చేత గాలివాటున ఒకసారి, గాలికి ఎదురుగా ఒకసారి పరిగెత్తించేవారు. రెండో టైము మాత్రమే పుస్తకంలో ఎక్కించేవారు. మొదటిది కూడా రాయమని నేను మారాం చేస్తే, "అది గాలిది. గాలి వచ్చి అడిగితే ఇస్త" అనేవారు. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండేది. కానీ పదిహేడేళ్లు వచ్చేసరికి నేను మా వైపు ఆడపిల్లలందరిలోకీ వేగంగా పరిగెత్తేదాన్ని. అది ఆ ఎదురుగాలి చలవే.

ఆ ఏడాది జూనియర్ మీట్ ఫైనల్లో నేను రికార్డు దాటాను. పది అడుగుల తేడాతో గెలిచాను. అది ఖాయమైతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినట్టేనని ఇంట్లో అప్పటికే అనుకున్నారు. నాన్న మైదానంలోనే జిలేబీ పంచడం మొదలుపెట్టారు. అంతలో సార్ కాగితం వచ్చింది. అందులో రెండు పాయింట్ ఒకటి అని ఉంది.

మిషన్ చూపించింది రెండు పాయింట్ సున్నా మూడు. వందోవంతు ఏదన్నా మిగిలితే పై పదోవంతుకే రాయాలన్నది నిబంధన. కార్యదర్శి పరిగెత్తుకొచ్చాడు.

"మూడు వందోవంతులు సార్. ఎవరు చూస్తరు?"

"నేను చూసిన గద."

"మీ పిల్లే కదా సార్! గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలని పెద్దలు ఊకె అన్నరా?"

సార్ మిషన్‌ని తువ్వాలలో చుడుతూ చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు గుర్తుంది. "మేం తూర్పార పట్టినోళ్లమే. తూర్పార పట్టేది పొల్లు పోనీకి. గింజలల్ల కలుపనీకి గాదు."

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. సార్ నా వైపు వచ్చి, "మంచిగ ఉరికినవ్ బిడ్డా. గాలికి సుట్టరికం లేదు, ఏం జేస్తం" అన్నారు. నేను మొహం తిప్పుకున్నాను.

మర్నాడు కార్యదర్శి మా దుకాణానికి వచ్చాడు. సార్‌కి చూపు ఆనడం లేదని, మిషన్ పాతదని, అంకెలు అడ్డదిడ్డంగా రాస్తున్నారని ఒక ఫిర్యాదు రాసి తెచ్చాడు. "సంతకం పెట్టమ్మా. మనం ఆయన్ని ఏమీ అనడం లేదు, మిషన్ని అంటున్నాం, అంతే" అన్నారు నాన్న. ఆయనకు ఆ తేడా నిజంగానే కనిపించిందో, కనిపించినట్టు నటించారో తెలియదు. నాకు మాత్రం అంతా తెలుసు. సార్ ఎంత దూరం నుంచి నా పాదం ఎక్కడ పడుతోందో చూసి చెప్పేవారో నాకు తెలుసు. అయినా పెట్టాను. నా కింద ఇంకో పదకొండు మంది పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో అంకె మీద కోపం. సార్‌ని అధికారుల జాబితాలోంచి తీసేశారు. నా రికార్డు మాత్రం రాలేదు. ఇంత నీచానికి దిగి చివరికి ఏమీ దక్కనివాళ్లను చూస్తే మీకు జాలి కలగవచ్చు, నాకు అసహ్యమే.

ఆ తర్వాత ఏమైందో వినండి. గాలి మిషన్ ఎక్కడ పెట్టాలన్నది కార్యదర్శి ఇష్టమైంది. షామియానా గుడ్డ చాటున పెట్టేవారు, నీళ్ల ట్యాంకర్ పక్కన పెట్టేవారు. జెండాలు బట్టతెగేలా కొట్టుకుంటుంటే కాగితం మీద సున్నా పాయింట్ ఐదు. రికార్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ పిల్లలు పెద్ద మీట్లకు వెళ్లి, సరిగ్గా కొలిచే మిషన్ ముందు ఆఖరున వచ్చి, తమకేదో రోగం వచ్చిందనుకుని ఆట మానేసేవారు. వాళ్లలో ఇద్దరు నాకు తెలుసు.

సార్‌ని మళ్లీ చూసింది ఏడెనిమిదేళ్లకు, ఆరాంఘర్ బస్టాపులో. చేతిలో మందుల సంచి. నేను తప్పుకుందామనుకునేలోపే పిలిచారు.

"ఏం బిడ్డా, మోకాలు నొప్పి తక్కువైందా?"

అదొక్కటే అడిగారు. మోకాలు నొప్పి నాకు పదహారో ఏట వచ్చింది. తగ్గింది సార్ అన్నాను. "మెట్లు దిగేటప్పుడు జర చూసుకో" అన్నారు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆయన బస్సు వచ్చింది. నిజం చెప్పాలంటే బస్సు వచ్చినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది. ఇంటికి వెళ్లి అడుగుదాం, వచ్చే నెల అడుగుదాం అంటూ ఏళ్లు గడిపాను. ఇక అడగడానికి సార్ లేరు.

సార్ పోయిన మూడో వారం ఆయన పేరు మీద స్మారక మీట్ పెట్టారు. పెట్టింది ఎవరో వేరే చెప్పాలా? పూర్వ విద్యార్థినిగా నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. కార్యదర్శి మైకు పట్టుకుని "సార్ నాకు తండ్రిలాంటివారు" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. శాలువాలు, బొకేలు. ఎండలో పిల్లలు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు.

పరుగులు మొదలయ్యాయి. గాలి షామియానాని ఎగరేస్తోంది, ఖాళీ కుర్చీలు దొర్లుతున్నాయి. మైకులో మాత్రం ప్రతి పరుగుకూ గాలి సున్నా పాయింట్ ఆరు, సున్నా పాయింట్ ఎనిమిది. ఇదేమిటని మెడ సాచి చూశాను. మిషన్‌కు సరిగ్గా ముందు, గాలి వచ్చే వైపున, నిలువెత్తు ఫ్లెక్స్ కట్టి ఉంది. ఫ్లెక్స్ మీద దండ వేసిన సార్ బొమ్మ. ఆయన మొహాన్నే అడ్డం పెట్టి గాలిని దొంగిలిస్తున్నారు.

కార్యదర్శి దగ్గరికి వెళ్లి అది తీయించమన్నాను.

"మిషన్ సార్ పక్కనే ఉండాలని పెట్టినం మేడమ్. సెంటిమెంట్. మీరు కూసోండి" అన్నాడు, నవ్వుతూ.

ఆడపిల్లల ఫైనల్‌కు పేర్లు పిలుస్తున్నారు. నేను వేదిక దిగాను. కర్రకు కట్టిన తాళ్లు విప్పబోతే ముడి రాలేదు, పళ్లతో కొరికాను. ఒక పక్క ఊడగానే మిగతాది గాలే లాగేసింది. సార్ బొమ్మ ఫట్‌మని నేల మీద పడింది. జనం హా అన్నారు. కార్యదర్శి ఊగిపోతూ వచ్చాడు.

"పోయినాయన బొమ్మ పడగొడ్తవా? సిగ్గుందా నీకు?"

"లేదండీ" అన్నాను, అందరికీ వినబడేలా. "ఉంటే మీరు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టేదాన్ని కాదు. సార్ కళ్లు బాగానే ఉన్నాయని తెలిసీ పెట్టాను. మొదటి సంతకం నాదే. ఫ్లెక్స్ మళ్లీ కట్టారంటే మీ మిగతా రికార్డుల సంగతి కూడా ఇక్కడే చెబుతాను."

ఎవరూ కట్టలేదు. మిషన్ దగ్గరున్న కుర్రమాస్టారు నా వైపు, కార్యదర్శి వైపు చూసి, మెల్లిగా కుర్చీని పరుగు వైపు వీపు పెట్టి తిప్పుకున్నాడు. తుపాకీ పేలింది. మూడో లేనులో బక్కపలచటి పిల్ల ఒకతె అందరినీ విడిచిపెట్టి వచ్చింది. రికార్డు కంటే ముందే గీత దాటిందని మైకు అరిచింది. తర్వాత కాస్త ఆగి, గాలి రెండు పాయింట్ ఆరు అంది.

ఆ పిల్ల పాదరక్షలు చేతిలో పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఇంకా రొప్పుతూనే ఉంది.

"ఆ ఫ్లెక్స్ ఉంటే నాకు రికార్డు వస్తుండెనట గదా?"

"వచ్చేది."

"మరెందుకు పీకిన్రు మేడమ్?"

దేనికోసం పీకానో నాకు బాగా తెలుసు. ఆ పిల్లతో మాత్రం మంచిగా పరిగెత్తావమ్మా అన్నాను. ఆమె మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. పోతూ పోతూ నేల మీద బోర్లా పడి ఉన్న ఫ్లెక్స్ దగ్గర ఆగింది. దాని మీద ఉన్నది ఎలాంటి మనిషో ఆమెకు తెలియదు, బతికుండగా ఆయన్ని చూసి ఉండదు. తొక్కకుండా పక్కనుంచి చుట్టి నడిచింది.