పిలిస్తేనే పని

రెండేళ్లలో నేను పోగొట్టుకున్నవి ఇవి. పని దొరకని ఉదయాలు ఎనభై నాలుగు. ఆ రోజుల్లో ఉప్పల్ నుంచి నాచారానికి షేర్ ఆటోలో వెళ్లి ఊరికే తిరిగొచ్చిన ఖర్చు, రోజుకు నలభై చొప్పున, మూడు వేల మూడు వందల అరవై. మల్కాజిగిరిలో ఒక దుకాణంలో లెక్కలు రాసే పని దొరికింది. పిలిచినప్పుడు రాకపోతే పేరు తీసేస్తామని మా కంపెనీ బెదిరించడంతో అదీ వదులుకున్నాను. ఇంటి అద్దె రెండు నెలలు బాకీ పడ్డాను.

అది అట్టపెట్టెల కంపెనీ. అరవై మందిమి. మూడేళ్లు రోజూ పని చేశాక కొత్త ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. పని ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదట, రావాల్సిన బాధ్యత మాకుందట. పెళ్లికి పిలుపు ఉండదు గానీ, విస్తరి ముందు కూర్చోకపోతే మాత్రం అలుగుతారు.

ఉదయం ఎనిమిదికల్లా గేటు లోపల కూర్చునేవాళ్లం.

"జర కూసోండ్రి, లోడు బండి వస్తది," అనేవాడు సూపర్‌వైజర్.

"బండి రాకుంటే నీ జీతం గూడ కోస్తరా సార్?" అని అంటించేది ప్యాకింగ్‌లో చేసే అక్క.

పది దాటాక "ఇయ్యాల పని లేదు, పోండ్రి" అనేవాడు. ఆ రోజు కూలి సున్నా.

మా యజమానికి క్రమశిక్షణ మీద మోజు. ఆలస్యమైనవాళ్ల కూలి కోయడానికి గేటు దగ్గర వేలిముద్ర యంత్రం పెట్టించాడు. పని ఉన్నా లేకున్నా వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి వేలు పెట్టాలి. మేము ఊరికే కూర్చున్న ప్రతి పూటకూ ఆయనే సొంత డబ్బుతో సాక్ష్యం తయారుచేసి పెట్టాడన్న మాట.

అక్క పోరు పెట్టడంతో ఇద్దరం కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారిణి కంపెనీవాళ్లను పిలిపించింది. వాళ్ల వకీలు నవ్వుతూ, "వీళ్లు మా పనోళ్లు కాదు మేడం. ఇష్టముంటే వస్తరు, గెస్టుల లెక్క," అన్నాడు.

"గెస్టులకు వేలిముద్ర ఎందుకండీ?" అని అడిగింది అధికారిణి, ఆ యంత్రం లెక్కలు తిరగేస్తూ.

"చాయ్ గూడ పోయలే మేడం," అంది అక్క.

అధికారిణి చెప్పిన చట్టం సూటిగా ఉంది. ఏడాదికి పైగా చేసి, హాజరు పట్టీలో పేరున్న మనిషి వేళకు వచ్చినా రెండు గంటల్లోగా పని ఇవ్వకపోతే ఆ రోజుకు సగం కూలి ఇవ్వాలి. ఒప్పందంలో ఏం రాయించుకున్నా అది తప్పదు. ఇక గుణించడమే మిగిలింది. కూలి ఐదు వందల ఇరవై, అందులో సగం రెండు వందల అరవై. ఎనభై నాలుగు రోజులకు ఇరవై ఒక్క వేల ఎనిమిది వందల నలభై.

యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఐదు వేలు ఇచ్చాడు. అవి నేరుగా ఇంటి ఓనరు చేతికే వెళ్లాయి. మిగతా సొమ్ముకు ఫోన్ చేస్తే, "ఫికర్ జెయ్యకు మామా, పైసలు రాంగనే చెప్త," అంటాడు సూపర్‌వైజర్. ఇవాళ్టికి నాకు రావలసింది పదహారు వేల ఎనిమిది వందల నలభై.