పలుగురాళ్లలో పచ్చ పుల్ల

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పాలమూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చదివేదాన్ని. కోస్గి దగ్గరి మా ఊళ్లో దాన్ని "రాళ్ల సదువు" అని ఎగతాళి చేసేవారు. అమ్మ మా గుట్ట మీది గనిలో పలుగురాళ్లు ఏరేది. తెల్లరాయిని సుత్తితో కొట్టి, అందులో నల్లది, ఎర్రది, ఏ రంగుది కనబడినా ఊడగొట్టి వెనక చెత్తకుప్పలోకి విసిరేయాలి. గాజు ఫ్యాక్టరీకి తెల్లదే కావాలి. ఆ పనిలో అమ్మను మించినవాళ్లు లేరు. ఆ మాట అమ్మే పదిమందికీ చెప్పేది. "నా కుప్పల మచ్చ సూపియ్యుండ్రి, సుత్తె ఇడిచిపెడ్త!"

సెలవుల్లో ఒకరోజు గనికి అమ్మకు సద్ది తీసుకెళ్లాను. నా కళ్ల ముందే అమ్మ తెల్లరాయిలోంచి పుల్లలాంటి వేలెడు ఆకుపచ్చ రాయిని ఊడగొట్టి, చూడకుండానే వెనక్కి విసిరింది. నేను సద్దిగిన్నె అక్కడే పడేసి చెత్తకుప్పలోకి దూకాను.

"ఓయమ్మో, పోరికి పిచ్చి లేసిందే!" అని ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

ఎండకు పట్టి చూస్తే పుల్ల లోపలిదాకా వెలుగు. "అమ్మా, గిది టూర్మలిన్. ఉంగరాల పెట్టుకునే రాయి."

"గదా? గసోంటియి ఎన్ని ఇసిరేసిన్నో! ఆ చెత్తంత మనూరి రోడ్డు కిందనే పోసిండ్రు" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. "నిజంగనేనా? మీ సారును అడిగి రా."

సారు భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, "మంచి రాయమ్మా, సాన పట్టొచ్చు" అన్నారు. బస్సెక్కేదాకా నా కాళ్లు నేల మీద లేవు. కోస్గి దగ్గరపడుతుంటే అమ్మ ముఖం గుర్తొచ్చింది. ఇన్నేళ్లు తన చేత్తోనే విసిరేసినవన్నీ తలుచుకుని కుమిలిపోతుందని భయమేసింది. అబద్ధం ఆడదామనుకున్నాను.

"ఉత్త రాయేనమ్మా. పనికిరాదన్నరు సారు."

"నేను అనలే? నా చెయ్యి తప్పు జేస్తదా!" అంటూ అమ్మ నా సంచిలో చెయ్యి పెట్టి పుల్లను బయటికి తీసింది. అది నా కొత్త చేతిరుమాలులో, పైన దారం చుట్టి భద్రంగా ఉంది.

"మరి పనికిరాని రాయికి గింత మెత్తటి గుడ్డ ఎందుకు సుట్టినవే?"

 

మర్నాడు నేనూ గనికి వెళ్లాను. మధ్యాహ్నానికి అందరి రాళ్లూ లారీ ఎక్కాయి, అమ్మవి సగం కూడా కాలేదు. ఊడగొట్టిన ప్రతి ముక్కనూ ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూస్తోంది. మేస్త్రీ కేకలేశాడు.

"జర ఆగయ్యా" అంది అమ్మ, మూసిన కన్ను తెరవకుండానే. "ఎన్నేండ్ల సంది సూడకుంట ఇసిరేసిన్నో నీకేం ఎరుక?"